శునశ్శేపుని ప్రశ్న: కన్నబిడ్డయు పెంచినబిడ్డయు

తెలుగువారి చరిత్రను గూర్చి ఎవరు వ్యాసము వ్రాసినను, ఏ సంఘము సంచిక వెలువరించినను, మొదటి పుటలలో ఐతరేయ బ్రాహ్మణము పేరు కనిపించుట పరిపాటి. ఆంధ్రశబ్దము వాఙ్మయమున తొలుత కానవచ్చునది ఆ గ్రంథమునందే యని చెప్పి, విశ్వామిత్రుని శాపమును ఒక్క వాక్యములో పేర్కొని, వ్యాసకర్తలు శాతవాహనుల కడకు సాగిపోవుదురు. ఆ శాపము ఎందులకు కలిగెనో, శపింపబడినవారు చేసిన తప్పేమో నిలిచి విచారించుట అరుదు. విచారించినచో ఒక విశేషము తెలియును. ఆంధ్రుల పేరు అచ్చట వినవచ్చినది యుద్ధవర్ణనమున గాదు, దేశవర్ణనమున గాదు. తండ్రి ఇంటికి తెచ్చుకొనిన పెంపుడుకొడుకును అన్నగా అంగీకరింపని కొడుకుల కథలో ఆ పేరు వినవచ్చినది.

బిడ్డ యనగా కన్నబిడ్డయేనా, పెంచినబిడ్డయు బిడ్డయేనా యను ప్రశ్న ప్రతి ఊరిలోను, ప్రతి కుటుంబములోను ఏదో ఒకనాడు తలయెత్తునదే. సంతానము లేని దంపతులు ఏండ్ల తరబడి మ్రొక్కులు మ్రొక్కుదురు, వైద్యులకడకు తిరుగుదురు. దత్తత మాట వచ్చినప్పుడు మాత్రము పెద్దలు పెదవి విఱుతురు. "ఎవరి బిడ్డయో, ఏ రక్తమో" అందురు. ఈ ప్రశ్నను ఆచారముగను, ఆస్తి వివాదముగను చర్చించినవారు పలువురు. సాహిత్యము దీనికేమి చెప్పినదో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. అందులకు శునశ్శేపోపాఖ్యానము కంటె తగిన ఆరంభము లేదు.

కథ ఇది. ఇక్ష్వాకు వంశమువాడైన హరిశ్చంద్రునకు నూర్గురు భార్యలు, కొడుకు లేడు. ఇంట నున్న నారదుని, కొడుకు వలన కలుగు ఫలమేమని అతడడిగెను. నారదుడు పది గాథలలో బదులు చెప్పెను. కొడుకు వలన తండ్రి ఋణము తీరును, చీకటిని దాటును, తానే మరల పుట్టినవాడగును అను భావములు వానిలో గలవు. కొడుకు లేనివానికి గతి లేదను నానుడికి మూలమైన తలపులన్నియు అచ్చట నున్నవి. అంతట రాజు వరుణుని వేడి, కొడుకు పుట్టినచో వానినే నీకు యజ్ఞపశువుగా అర్పింతునని మాట ఇచ్చెను. రోహితుడు పుట్టెను. పండ్లు రావలెనని, పండ్లు ఊడవలెనని, ఆయుధము పట్టవలెనని రాజు గడువులు పెంచుచు వచ్చెను. విషయము తెలిసిన రోహితుడు విల్లు పట్టి అడవికి పోయెను. వరుణుని ఆగ్రహమున తండ్రి ఉదరము ఉబ్బి వ్యాధిగ్రస్తుడయ్యెను.

ఈ ఘట్టమున ఒక సంగతి గమనింపదగినది. బిడ్డ కావలెనను కోరిక ఇచ్చట నిందింపబడలేదు. కాని ఆ కోరిక యొక్క స్వరూపము బట్టబయలు చేయబడినది. హరిశ్చంద్రుడు కోరినది ఒక శిశువును గాదు, తనకు కొడుకు లేడను లోటు తీరుటను. కనుకనే పుట్టబోవు వాని ప్రాణమును పుట్టకమునుపే పణముగా పెట్టగలిగెను.

రోహితుడు ఆరేండ్లు అడవులలో తిరిగెను. ఆకలితో నున్న అజీగర్తుడను ఋషి, భార్యయు ముగ్గురు కొడుకులును తోడుగా, అతనికి ఎదురుపడెను. "నీకు నూఱు గోవుల నిత్తును, నీ కొడుకులలో నొకనితో నన్ను విడిపించుకొందు" నని రాజకుమారుడు పలికెను. తండ్రి పెద్దవానిని తన వైపు లాగుకొనెను. తల్లి చిన్నవానిని అక్కున జేర్చుకొనెను. నడిమివాడగు శునశ్శేపుని విషయమున మాత్రము ఇద్దరును ఏకీభవించిరి. వాని నెవరును పట్టుకొనలేదు. యజ్ఞశాలలో వానిని యూపమునకు కట్టువారు దొరకలేదు. మఱియొక నూఱు గోవులకు తండ్రియే కట్టెను. వధించువారు దొరకలేదు. ఇంకొక నూఱు గోవులకు తండ్రియే కత్తి నూరుచు వచ్చెను.

కన్నతనము ఒక్కటియే తండ్రిని తండ్రిగా నిలుపునను వాదమునకు వాఙ్మయమున ఇంతకంటె కఠినమైన సమాధానము లేదు. అయినను కథకుడు అజీగర్తుని రాక్షసునిగా చిత్రింపలేదు. ఆకలిగొన్నవానిగా చిత్రించెను. మొదటి నూఱు గోవులకు ఆకలి సాకు కలదు. రెండవ నూటికిని, మూడవ నూటికిని లేదు. పేదతనము వలన బిడ్డను వదలుకొనుటకును, బిడ్డను బేరమున పెట్టుటకును నడుమనుండు గీత ఎచ్చట నున్నదో కథకుడు ఉపదేశింపక లెక్కతో చూపెను.

శునశ్శేపుడు దేవతలను స్తుతించెను, కట్లు వీడెను, రాజు వ్యాధి మానెను. అప్పుడు బాలుడు పోయి హోతయగు విశ్వామిత్రుని ఒడిలో కూర్చుండెను. నా కొడుకును నాకిమ్మని అజీగర్తుడు అడిగెను. దేవతలు నాకిచ్చిరని విశ్వామిత్రుడు ఇయ్యనొల్లడయ్యెను. తండ్రి స్వరము మార్చి, నీవు ఆంగిరసుడవు, తాతముత్తాతల వంశతంతువును తెంపకుమని కొడుకును బ్రతిమాలెను. నీ చేత కత్తిని అందరును చూచిరి, నాకంటె మూడువందల గోవులే నీకు ఎక్కువయ్యెనని శునశ్శేపుడు బదులు చెప్పెను. పశ్చాత్తాపపడుచున్నాను, ఆ గోవులు నీవే తీసికొనుమని తండ్రి పలుకగా, ఒకమారు అట్టి పని చేసినవాడు మరల చేయవచ్చునని నిరాకరించెను.

ఇంతవరకు చదివినవారు కథ ముగిసినదని తలతురు. ముగియలేదు. నా కొడుకువు కమ్మని విశ్వామిత్రుడు పిలువగా బాలుడు వెంటనే తల యూపలేదు. ఆంగిరసుడనగు నేను నీ కొడుకును ఎట్లగుదునని అడిగెను. నా కొడుకులలో జ్యేష్ఠుడవగుదువని ముని చెప్పెను. ఆ మాట నీ కొడుకులు కూడ అంగీకరింపవలయునని వాడు కోరెను. అమ్ముడుపోయినప్పుడు నోరెత్తుటకు అవకాశము లేని బాలుడు, దత్తుడగునప్పుడు మాత్రము ప్రశ్నించెను. తనకు ఏ స్థానము కలదో, తోడబుట్టువులు కాబోవువారు తన్నెట్లు చూతురో తెలిసికొనిన పిదపనే ఒప్పుకొనెను. దత్తత యనునది తీసికొనువారి ఔదార్యము మాత్రమే కాదనియు, తీసికొనబడువాని సమ్మతితోను, ఇంటివారందరి అంగీకారముతోను గాని అది నిండదనియు ఈ చిన్న ప్రశ్న చెప్పుచున్నది.

విశ్వామిత్రునకు నూట ఒక్క కొడుకులు. నడిమివాడు మధుచ్ఛందుడు. అతనికంటె పెద్దవారగు ఏబదిమంది ఈ ఏర్పాటును మేలుగా తలపలేదు. మీ సంతతి అంచులయందు మనుగడ సాగించునుగాక యని తండ్రి శపించెను. వారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయిరని బ్రాహ్మణము చెప్పుచున్నది. మధుచ్ఛందుడును అతని చిన్నతమ్ములు ఏబదిమందియు దేవరాతుడను పేర శునశ్శేపుని అన్నగా అంగీకరించిరి.

ఇది చరిత్ర కాదనుట స్పష్టము. తమ పొలిమేరకు ఆవల నున్న జాతులను గూర్చి మధ్యదేశమువారు అల్లుకొనిన కారణకథ ఇది. దీనిని ఆంధ్రుల వంశావళిగా స్వీకరింప నక్కఱలేదు, దీనికి నొచ్చుకొనను అక్కఱలేదు. కాని కథగా దీని నీతి కథలోనే యున్నది. ఆ ఏబదిమంది పక్షమునకూడ కొంత న్యాయము లేకపోలేదు. జ్యేష్ఠస్థానము ఒక్క పూటలో పరాయివాని పాలగుట ఏ అన్నకు ఇంపగును? విశ్వామిత్రుడు వారిని ఒప్పించుటకు యత్నించినట్లు కథలో లేదు. పిలిచెను, చెప్పెను, ఒప్పుకొననివారిని శపించెను. ఒక అనాథకు తండ్రియైన చేతితోనే ఏబదిమంది కన్నకొడుకులను అంచులకు త్రోసెను. కన్నవారిలో అజీగర్తుని దోషమెంత చూపెనో, పెంచువానిలో ఈ దోషమును కథకుడు అంతగానే దాచక చూపెను. దత్తతను గొప్ప చేయుటకు కన్నబిడ్డల మనసును త్రొక్కవలసిన పని లేదు.

ఈ ఉపాఖ్యానము ముగింపున ఒక ఫలశ్రుతి కలదు. రాజసూయమున రాజునకు దీనిని వినిపింపవలెననియు, కొడుకులు కావలెనని కోరువారు దీనిని చెప్పించుకొనిన కొడుకులు కలుగుదురనియు అందు చెప్పబడినది. సంతానార్థులకు వినిపింపదగిన కథగా, కొడుకును అమ్ముకొనిన తండ్రి కథను ఏల ఎన్నిరి? ఫలశ్రుతిని మొక్కుబడిగా చదువువారికి ఇది వింతగా తోచును. కాని, బిడ్డను కోరువాడు మొదట వినవలసినది, ఆ కోరిక మనుష్యుని ఎచ్చటికి తీసికొనిపోగలదో తెలుపు కథయేయని గ్రహించినచో ఆ ఎన్నికలోని వివేకము బోధపడును.

తెలుగు సాహిత్యము హరిశ్చంద్రుని మఱియొక రూపమున స్వీకరించినది. గౌరన ద్విపదయందును, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకమునందును అతడు సత్యసంధుడు. ఆలుబిడ్డలను అమ్ముకొని, కాటికాపరియై, పాము కాటున మరణించిన లోహితాస్యుని శవము ముందు నిలిచినవాడు. హార్మోనియపు శ్రుతిలో ఆ కాటిసీను పద్యములు విని తెలుగువారు తరతరములుగా కంట తడి పెట్టుకొనిరి. ఆ కథలో శునశ్శేపునకు చోటు లేదు. రాజు తన కన్నకొడుకును కోల్పోవుట విషాదము. రాజుకొడుకునకు మాఱుగా పేదవాని కొడుకు యూపమునకు కట్టబడుట రంగస్థలము మీదికి రాలేదు. కన్నీరు కన్నబిడ్డలకే దక్కినది. నాటకము తన ఇతివృత్తమును ఎన్నుకొనుటలో స్వతంత్రమే. అయినను ఆ ఎన్నిక ప్రేక్షకుల హృదయమున ఒక వైపు చూపును బలపఱచినదనుట అసత్యము కాదు.

ఆంధ్రమహాభారతమునకు వచ్చినచో, కొడుకు గొప్పతనమునకు ప్రమాణముగా తఱచు చూపబడునది నన్నయ శకుంతలోపాఖ్యానము. నిండుసభలో శకుంతల దుష్యంతునితో వాదించు సందర్భమున ఒక పద్యము గలదు. పాఠశాలలో చదివినవారు దాని నెఱుగుదురు. నూతులు నూటికంటె ఒక బావి, బావులు నూటికంటె ఒక క్రతువు, క్రతువులు నూటికంటె ఒక కొడుకు మేలని అందలి సోపానక్రమము. పలువురు ఆ మెట్టుకడనే ఆగిపోయి, పుత్రప్రశంసగా దానిని వినిపింతురు. పద్యము అచ్చట ఆగలేదు. కొడుకులు నూటికంటె ఒక సత్యవాక్యము మేలని ముగిసినది. పై మెట్టున నున్నది కొడుకు కాదు, సత్యము. ఇంకొక సంగతియు మఱువరాదు. ఆ మాటలు పలికినది కన్నవారు విడిచిన బిడ్డ. మేనకా విశ్వామిత్రుల వలన పుట్టి, పక్షులు కాచిన శిశువై, కణ్వుని చేత పెరిగినది. దేహమిచ్చినవాడు, ప్రాణము కాచినవాడు, అన్నము పెట్టినవాడు ముగ్గురును తండ్రులేయని సంస్కృత భారతము కణ్వునిచేత పలికించినది. చిన్ననాట కన్నవారిచేత, ఇప్పుడు నీచేత విడువబడితినని శకుంతల అచ్చట దుష్యంతునితో వాపోయినది. శునశ్శేపుని దత్తు చేసికొనిన విశ్వామిత్రుడే పురాణకథలలో శకుంతలను విడిచినవాడు. ఒకే పురుషుడు ఒక చోట పరాయిబిడ్డకు తండ్రి, మఱియొక చోట తన బిడ్డకు తండ్రి కానివాడు. తండ్రితనము స్వభావము గాక చేసిన పని యనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వమున కర్ణుని ఘట్టము ఈ విచారమునకు పరాకాష్ఠ. ధర్మశాస్త్రరీత్యా నీవు పాండురాజు కొడుకువే, రమ్మని శ్రీకృష్ణుడు పిలిచెను. రాజ్యము చేతికి వచ్చుచుండెను. కర్ణుడు ఒల్లడయ్యెను. తన్ను చూచినంతనే రాధకు పాలు చేపెననియు, ఆమె తన మలమూత్రముల నెత్తిపోసెననియు, అధిరథుడు తనకు జాతకర్మ చేయించి పేరు పెట్టెననియు, అట్టివారికి పిండము ఎట్లు ఎగవేయుదుననియు అతని వాదము. లోకము పిండమునకై కన్నకొడుకును కోరుచుండగా, పెంచినవారికే పిండము చెల్లవలెనని ఒక కొడుకు చెప్పుచున్నాడు. తరువాత కుంతి వచ్చినప్పుడు, తల్లివలె నాకు మేలు చేయనిదానవు, ఇప్పుడు నీ మేలు కోరి నాకు తెలుపుచున్నావని అతడనిన మాట మిక్కిలి నిష్ఠురమైనది, మిక్కిలి న్యాయమైనది. కర్ణుని విషాదమునకు మూలము పెంపకము కాదు, దాచిన నిజము. ఆ నిజము చెప్పబడినప్పుడును అతనికొఱకు గాక ఇతరులకొఱకు చెప్పబడినది. బిడ్డకు పుట్టుక విషయము దాచిపెట్టి, పెండ్లినాడో పాలుపంపకముల నాడో ఎవరినోటనో విననిచ్చు కుటుంబములు ఈ ఘట్టమును మరల మరల చదువవలసియున్నది. నూఱుమంది కొడుకులకంటె ఒక సత్యవాక్యము మేలనుట ఇచ్చట నిజమగుచున్నది.

కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద మఱియొక మెట్టు పైకి పోయినది. కన్నడసీమలో రాజధాని గల ప్రభువు, తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరి కథను, తెలుగున కావ్యముగా రచించెను. తులసివనమున దొరకిన ఆడుశిశువును విష్ణుచిత్తుడు ఇంటికి తెచ్చి కూతురుగా పెంచెను. పిండమునకును, వంశమునకును, ఆస్తికిని ఆనాటి శాస్త్రము ముందుగా కోరినది కొడుకునే గాని ఆడుబిడ్డను గాదు. ఏ ప్రయోజనమును ఆశింపక, దొరకిన బిడ్డను బిడ్డగా ఎత్తుకొనుటయే ఇందలి విశేషము. హరిశ్చంద్రుడు కొడుకునకై దేవుని అడిగెను. విష్ణుచిత్తుడు ఏమియు అడుగక ఎదుట నున్న శిశువును చూచెను. ఈ రెండింటి నడుమ నున్న దూరమే ఈ వ్యాసమునందలి విషయము.

కావ్యములు ఇంత చెప్పినను, లోకవ్యవహారము చిరకాలము హరిశ్చంద్రుని త్రోవనే నడచినది. పూర్వపు హిందూధర్మశాస్త్రము సామాన్యముగా కొడుకునే దత్తు చేసికొననిచ్చెను. ఒక్కగానొక్క కొడుకును దత్తత ఇయ్యవచ్చునా యను వివాదము మదరాసు, అలహాబాదు న్యాయస్థానములనుండి లండనులోని ప్రివీ కౌన్సిలు వఱకు పోగా, 1899లో అట్టి దత్తత చెల్లునని తీర్పు వచ్చెను. అందు చర్చింపబడిన ముఖ్యవిషయము శాస్త్రనిషేధము విధియా, హితవా యనునది. ఇయ్యబడు బాలుని మనసు ఆ చర్చకు కేంద్రము కాలేదు. 1956 నాటి హిందూ దత్తత, భరణముల చట్టము కూతురును దత్తు చేసికొనుటకు దారి తెఱచెను. దత్తతకై సొమ్ము ఇచ్చుట, పుచ్చుకొనుట శిక్షార్హము చేసెను. నూఱు గోవుల బేరమునకు అది చట్టరూపమైన సమాధానము. అయినను కొడుకో, కొడుకు కొడుకో ఉన్నవాడు ఆ చట్టము క్రింద మఱియొక కొడుకును దత్తు తీసికొనరాదు. నూట ఒక్క కొడుకులు గల విశ్వామిత్రునకు అది అడ్డుపడును. దత్తత లోటు తీర్చుకొనుటకే యను భావము అందు ఇంకను మిగిలియున్నది. 2015 నాటి బాలన్యాయ చట్టము శిశువు మేలునే ముందునకు తెచ్చినది. వయసునకును తెలివికిని తగినట్లు బిడ్డ కోరికను గమనింపవలెనని నియమించినది. 2021 సవరణతో దత్తత ఉత్తరువు ఇచ్చు అధికారము న్యాయస్థానమునుండి జిల్లా మేజిస్ట్రేటునకు మారినను ఆ నియమము మాఱలేదు. శునశ్శేపుడు అడిగిన ప్రశ్నను శాసనము ఇన్నాళ్ళకు ఆలకించినది.

అనాథ శిశువులుండగా కొత్తగా బిడ్డలను కనుట తగునా యని కొందఱందురు. రక్తబంధము లేనిచో మమత నిలువదని మఱికొందఱందురు. పై కావ్యములు ఈ రెండు వాదములను సమర్థింపవు. కనుట తప్పని అవి చెప్పలేదు. కన్నంతమాత్రమున హక్కు పుట్టునని మాత్రము అవి ఒప్పుకొనలేదు. కనువానిని గాని, పెంచువానిని గాని అవి అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ బిడ్డ నీకొఱకా, నీవు ఈ బిడ్డకొఱకా? మొదటి సమాధానమిచ్చినవాడు కన్నను అజీగర్తుడే. రెండవ సమాధానమిచ్చినది, కనకపోయినను, రాధయే. కావున సంతానము లేనివారు దత్తతను చిట్టచివరి గతిగా, ఓటమిగా తలపవలసిన పని లేదు. కన్నబిడ్డలు గలవారును దానిని తమకు సంబంధింపని విషయముగా తలపరాదు. దత్తత తీసికొనిన ఇంటి చుట్టుపట్ల నున్నవారికి మఱింత పని గలదు. పెండ్లి సంబంధములలో ఇంటిపేరు, గోత్రము అడిగి, "కన్నబిడ్డయేనా" యని గుసగుసలాడు నోళ్ళు ఆ ఏబదిమంది పెద్దకొడుకుల నోళ్ళే.

హోసూరు, బళ్ళారి, మదుర, బరంపురము, సోలాపురము, యానాము మొదలగు చోట్ల తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ కథ మఱింత దగ్గఱది. అంచులయందు మనుడని పలికిన శాపమును వారు అక్షరాల అనుభవించుచున్నారని పరిహాసమున కెవరైన అనవచ్చును. కాని వారి జీవితము దేవరాతుని జీవితమును పోలినది. కన్నభాష ఒకటి, పెంచిన నేల ఒకటి. శునశ్శేపుడు తన పుట్టుకను దాచుకొనలేదు, తన్ను చేరదీసిన ఇంటిని విడువలేదు; జహ్నువంశపు ఆధిపత్యము, గాథివంశపు దైవవిద్య రెండును అతనికి సంక్రమించినవని బ్రాహ్మణము చెప్పుచున్నది. పరాయిసీమ తమ్ము బిడ్డలుగా అంగీకరింపవలెనని కోరువారు, తమ ఇంటి గడప యెదుట నిలిచిన పరాయిబిడ్డను అంగీకరింపకుండుట తగదు. ఆంధ్రుల పేరు పుట్టిన కథలో ఏబదిమంది కాదనిరి, ఏబదియొక్కరు ఔననిరి. నేటి తెలుగుకుటుంబములు ఏ పక్షమున నిలువవలెనో ఎన్నుకొను స్వేచ్ఛ వారికే కలదు.